పాత క్యాంపర్ వ్యాన్ కూలింగ్ సిస్టం: లీకు వెతకడం నుంచి గాలి తీసేదాకా

"ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజన్ వేడెక్కుతోంది. థర్మోస్టాట్ మార్చాను, రేడియేటర్ కూడా మార్చాను. ఇంకేం మార్చాలి?" పాత క్యాంపర్ వ్యాన్ ఉన్నవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. నా జవాబు ప్రతిసారీ ఒకటే: ప్రస్తుతానికి ఇంకేమీ మార్చకండి. లీకు ఎక్కడైనా ఉందా, రేడియేటర్ లేదా కూలెంట్ ట్యాంకు మూత ప్రెషర్‌ను పట్టి ఉంచుతోందా, లోపల గాలి మిగిలిపోయిందా అన్నవి ముందు తేల్చుకోండి. ఈ మూడూ తేలకుండా పార్టులు కొంటే డబ్బు దండగ, బండి మాత్రం మళ్లీ అదే మలుపులో ఆవిరి కక్కుతుంది.

ఇక్కడ చెప్పేది నీటితో చల్లబడే ఇంజన్లకు, పెట్రోల్‌కైనా డీజిల్‌కైనా. ఇంజన్ బండి వెనకభాగంలో, రేడియేటర్ ముందుభాగంలో ఉండే ఫోక్స్‌వ్యాగన్ టీ3 లాంటి బండ్లకు కొన్ని పనులు వేరుగా చేయాలి. అవి ఎక్కడికక్కడ చెప్పాను.

1. ముందు పైపుల దారి గీసుకోండి

మామూలు కారులో 5 నుంచి 8 లీటర్ల కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) పడుతుంది. వాటర్‌కూల్డ్ పెట్రోల్ ఇంజన్ ఉన్న టీ3లో 16, 17 లీటర్ల దాకా పడుతుంది. రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక ఉండటంతో పైపులు బండి కింద ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తాయి. పైగా వెనక సీటు కింద ఇంకో హీటర్, కొన్ని బండ్లలో స్నానాల నీళ్లు కాచే ట్యాంకుకు ఇంకో లూపు. ఇన్ని మలుపుల్లో గాలి ఎక్కడైనా చిక్కుకోవచ్చు.

అందుకే స్పానర్ ముట్టుకోకముందు ఒక కాగితం తీసుకుని బండి కిందకు వెళ్లండి. పంపు నుంచి ఇంజన్‌లోకి, అక్కడి నుంచి థర్మోస్టాట్‌కు (వేడిని బట్టి తెరుచుకునే వాల్వు), రేడియేటర్‌కు, మళ్లీ పంపుకు నీళ్లు వెళ్లే దారి గీయండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుంది, కూలెంట్ బైపాస్ పైపులో, హీటర్లలో మాత్రమే తిరుగుతుంది. ఆ చిన్న దారిని వేరే రంగుతో గీస్తే తర్వాత చాలా ఉపయోగపడుతుంది.

కాగితం మీద ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:
- హీటర్లు ఎన్ని, వాటి వాల్వులు ఎక్కడ
- మొత్తం సిస్టంలో అన్నిటికన్నా ఎత్తుగా ఉన్న చోటు
- గాలి తీసే బ్లీడ్ స్క్రూలు
- ఇనప పైపు, రబ్బరు పైపు కలిసే ప్రతి జాయింటు
- పాత యజమాని అదనంగా కలిపిన పైపులు, టీ జాయింట్లు, బిరడాలు

చివరిది మరిచిపోకండి. ముప్పై ఏళ్ల బండి చాలామంది చేతులు మారి వచ్చి ఉంటుంది. కంపెనీ మాన్యువల్‌లో లేని లూపు మీ బండిలో ఉండొచ్చు.

2. భద్రత, సామాన్లు

వేడి మీద మూత తీయొద్దు. ప్రెషర్ కుక్కర్‌లో లాగే ఇక్కడా ఒత్తిడి పెరిగే కొద్దీ నీళ్లు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్లు బయటి గాలి ఒత్తిడి కంటే 1 బార్ ఎక్కువ ప్రెషర్ కింద సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఆ ప్రెషర్ పోతుంది, వేడి నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో సహా మొహం మీదకు తన్నుకొస్తాయి. రేడియేటర్ పై పైపును వట్టి చేత్తో హాయిగా పట్టుకోగలిగేదాకా ఆగండి. అప్పుడు కూడా మూత మీద మందపాటి గుడ్డ వేసి కొద్దికొద్దిగా తిప్పాలి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ చాలా బండ్లలో తాళం తీశాక కూడా తిరుగుతుంది. దాని దగ్గర చేయి పెట్టే ముందు ఫ్యాన్ కనెక్టర్ గానీ బ్యాటరీ నెగెటివ్ వైరు గానీ తీసేయండి.

కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పిల్లులు నాకుతాయి, ప్రాణాలకే ముప్పు. పిల్లలకూ అంతే. పళ్లెంలో పట్టిన కూలెంట్‌ను అప్పటికప్పుడే మూతున్న డబ్బాలో పోసి పెట్టండి. కింద పడిన మరకను నీళ్లతో కడగండి. పాత కూలెంట్‌ను కాలువలోనో మట్టిలోనో పారబోయకుండా వాడిన ఆయిల్, కెమికల్స్ తీసుకునే చోట ఇవ్వండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:
- జాకీ, గట్టి స్టాండ్లు, చక్రాలకు అడ్డు దిమ్మలు
- మొత్తం కూలెంట్ పట్టేంత పెద్ద పళ్లెం, లీటర్ల గీతలున్న డబ్బా
- స్క్రూడ్రైవర్లు, సాకెట్ సెట్, స్ప్రింగ్ క్లిప్పులు పట్టే ప్లయర్
- కూలింగ్ ప్రెషర్ టెస్టర్, మీ మూతకు సరిపోయే అడాప్టర్‌తో
- మల్టీమీటర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్
- కొత్త క్లాంపులు, గాస్కెట్లు, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్
- టార్చి, గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు

3. బండి ఎప్పుడు వేడెక్కుతోంది?

చేతులకు మసి అంటకముందే సగం రోగం ఇక్కడ తేలిపోతుంది.

ట్రాఫిక్‌లో నిలబడితే వేడెక్కి, రోడ్డు మీద పరిగెత్తితే తగ్గుతుంటే ఫ్యాన్‌ను అనుమానించండి. ఫ్యాన్ మోటారు, థర్మో స్విచ్, రిలే, ఫ్యూజు, పాత బండ్లలో అయితే వేడిని బట్టి ఫ్యాన్‌ను తిప్పే విస్కస్ క్లచ్. వీటిలో ఏదో ఒకటి.

ఊళ్లో బాగుండి, వేగంలోనూ ఎత్తులోనూ వేడెక్కుతుంటే రేడియేటర్ మూసుకుపోయి ఉండొచ్చు, దానికి గాలి తగలకపోవచ్చు, పంపు సరిగా తోయకపోవచ్చు. క్యాంపర్లలో బండి ముందు బిగించిన స్టెప్నీ, లైట్లు, తెరలు కూడా గాలిని ఆపేస్తాయి.

హీటర్ చల్లగాలి కొడుతూ గేజ్ ముల్లు పైకీ కిందకీ ఊగుతుంటే కూలెంట్ తగ్గింది, లేదా లోపల గాలి ఉంది.

చల్లని ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే పైపులు రాయిలా బిగిసి, ట్యాంకులో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీల్) దాకా వెళ్లాల్సి రావచ్చు.

హెడ్‌లైట్ వేయగానే ముల్లు పైకి జరిగిందా? వేడి అంత వేగంగా పెరగదు. అది ఎర్త్ వైరు లోపం. ఇంజన్‌కూ బాడీకీ, డాష్‌బోర్డుకూ ఉన్న ఎర్త్ పాయింట్లు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. ఉష్ణోగ్రత గేజ్, పెట్రోల్ గేజ్ రెండూ కలిసి తప్పు చూపిస్తుంటే డాష్‌బోర్డు వెనక ఉండే వోల్టేజ్ స్టెబిలైజర్‌ను చూడాలి. ఇలాంటి బండికి కొత్త రేడియేటర్ వేస్తే గేజ్ ఏమీ మారదు.

4. చల్లని ఇంజన్ మీద చూడాల్సినవి

పొద్దున్నే, ఇంజన్ ఇంకా స్టార్ట్ చేయకముందు చూడండి. వేడి మీద కారిన చుక్క వెంటనే ఆవిరైపోతుంది, చల్లగా ఉన్నప్పుడే తడి కనిపిస్తుంది. కొన్ని జాయింట్లు చల్లబడి ముడుచుకున్నప్పుడే కారతాయి కూడా.

తడి లేకపోయినా మరక ఉంటుంది. కూలెంట్ కారి ఎండిన చోట తెల్లగానో, ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో ఒక పొర గట్టిపడి ఉంటుంది. క్లాంపు పళ్ల మధ్య టార్చి వేసి చూడండి. గోటితో గీస్తే ఉప్పులా రాలుతుంది. అక్కడి నుంచి పైకి వెతకండి, ఎందుకంటే చుక్క కింద పడిన చోటూ లీకున్న చోటూ ఒకటి కాకపోవచ్చు.

పైపులు: ప్రతి పైపునూ మధ్యలో ఒకసారి, క్లాంపుకు రెండు వేళ్ల దూరంలో ఒకసారి నొక్కండి. మధ్యలో గట్టిగా ఉండి చివర మెత్తగా ఉంటే లోపలి పొర చీలుతోందని అర్థం. నొక్కితే కరకర శబ్దం వచ్చినా, ఆయిల్ పట్టి ఉబ్బినా మార్చేయండి.

మూత: రబ్బరు వాషర్ పగిలిందేమో చూడండి. మూతలో రెండు వాల్వులుంటాయి. ఒకటి ప్రెషర్ ఎక్కువైతే వదులుతుంది, రెండోది ఇంజన్ చల్లబడేటప్పుడు గాలినో కూలెంట్‌నో లోపలికి రానిస్తుంది. రెండోది ఇరుక్కుంటే చల్లబడ్డాక పైపులు నొక్కుకుపోయి చదునుగా కనిపిస్తాయి. కొత్త మూత మీద రాసిన ప్రెషర్ పాతదానితో సరిపోవాలి. "ఎక్కువ బార్ ఉంటే మంచిది కదా" అనుకుంటే బలహీనమైన పైపో రేడియేటరో పగులుతుంది.

వాటర్ పంపు: షాఫ్ట్ కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీల్ పోతే కూలెంట్ అక్కడి నుంచి కారుతుంది. దాన్ని ఎంసీల్‌తో మూసేయడం పరిష్కారం కాదు, కారే నీళ్లు బేరింగ్‌లోకి పోతాయి. బెల్టు తీసి పుల్లీని ఊపి చూడండి. ఆట ఉన్నా, గరగర శబ్దం వచ్చినా పంపు మార్చాలి.

బెల్టు: పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే పాత వీ బెల్టు సుమారు 10 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే అది జారుతోంది.

రేడియేటర్: రెక్కల మధ్య పురుగులు, మట్టి, గడ్డి ఉన్నాయా? చేత్తో తడిమితే రెక్కలు పొడిలా రాలుతున్నాయా? రాలితే ఆ రేడియేటర్ పని అయిపోయింది. చుట్టూ ఉండాల్సిన ఫోమ్ పట్టీలు, ప్లాస్టిక్ పలకలు కూడా చూడండి. అవి లేకపోతే ఎదురుగా వచ్చే గాలి రేడియేటర్‌లోంచి పోకుండా పక్కనుంచి జారుకుంటుంది. పాత బండ్లలో ఈ పట్టీలు సగం ఊడిపోయి ఉంటాయి, వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ.

లోపల: హీటర్ కింద కార్పెట్ తడిగా ఉందా, అద్దాల మీద జిడ్డు పొర పడుతోందా, తియ్యని వాసన వస్తోందా? అయితే హీటర్ కోర్, అంటే హీటర్ లోపలి చిన్న రేడియేటర్, కారుతోంది. మంచం కింద, సీటు పెట్టె కింద ఉన్న రెండో హీటర్‌ను కూడా తెరిచి చూడండి.

5. ప్రెషర్ టెస్ట్

కళ్లకు కనిపించని లీకును పట్టేది ఇదే. ఈ టెస్ట్ చేయకుండా పార్టు కొనొద్దు.

- చల్లని ఇంజన్‌లో కూలెంట్ నిండుగా పోయండి.
- మూత స్థానంలో టెస్టర్ బిగించండి.
- మూత మీద రాసిన ప్రెషర్ దాకా పంపు కొట్టండి, దాటించొద్దు.
- 15 నిమిషాలు వదిలేయండి.
- ముల్లు దిగితే టార్చి, గుడ్డ పట్టుకుని ప్రతి జాయింటూ తుడుస్తూ వెతకండి.

బయట ఎక్కడా తడి లేకుండా ముల్లు దిగుతుంటే మిగిలినవి మూడు: హీటర్ కోర్, హెడ్ గాస్కెట్, టెస్టర్ అడాప్టర్ సరిగా కూర్చోకపోవడం. మూడోది ముందు సరిచూసుకోండి. మూతను కూడా అడాప్టర్ మీద పెట్టి విడిగా పరీక్షించండి. అది రాసిన ప్రెషర్ కంటే చాలా ముందే వదిలేస్తుంటే మీ బండి రోగం ఆ చిన్న మూతే కావచ్చు.

6. వేడి ఇంజన్ మీద పరీక్షలు

ఇంజన్ స్టార్ట్ చేసి థర్మోస్టాట్ దగ్గరి పైపుల మీద థర్మామీటర్ పెట్టండి. మెరిసే లోహం మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, అక్కడ నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవండి. రేడియేటర్‌కు వెళ్లే పైపు చాలాసేపు చల్లగా ఉండి, థర్మోస్టాట్ మీద రాసిన డిగ్రీల దగ్గర గబగబా వేడెక్కితే అది తెరుచుకుంటున్నట్టే. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా ఉంటే తెరుచుకునే ఇరుక్కుంది. ఇంజన్ మరిగిపోతున్నా ఆ పైపు చల్లగానే ఉంటే మూసుకునే ఇరుక్కుంది, లేదా దాని దగ్గర గాలి ఉంది.

రేడియేటర్ వేడెక్కాక ఇంజన్ ఆపి, ఫ్యాన్ కనెక్టర్ తీసి, ముందువైపు అంతటా కొలవండి. ఒక పట్టీ మాత్రం చుట్టుపక్కల కంటే బాగా చల్లగా ఉంటే ఆ గొట్టాలు లోపల మూసుకుపోయాయి.

ఫ్యాన్ తిరగకపోతే థర్మో స్విచ్ కనెక్టర్ తీసి, వైర్ల వైపు రెండు పిన్నులనూ ఒక వైరు ముక్కతో కలపండి. తాళం ఆన్‌లో ఉంచి చూడండి. ఫ్యాన్ తిరిగితే మోటారు మంచిదే, స్విచ్ అనుమానం. అయితే స్విచ్ ఉన్న చోట గాలి చేరినా అది వేడిని పసిగట్టలేదు. కాబట్టి స్విచ్ కొనే ముందు ఒకసారి గాలి తీసి చూడండి.

7. హెడ్ గాస్కెట్ అనుమానం వస్తే

ఆయిల్ మూత కింద తెల్లటి నురగ కనిపించగానే కంగారు పడకండి. చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో చెమ్మ చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా కాఫీ రంగులో చిక్కగా ఉంటేనే టెన్షన్ పడాలి.

ఖాయంగా తేల్చేది గ్యాస్ టెస్ట్. ట్యాంకు మూత దగ్గర ఒక గాజు గొట్టం పెట్టి, అందులో నీలి ద్రవం గుండా ట్యాంకులోని గాలిని పీలుస్తారు. పెట్రోల్ ఇంజన్ పొగ కూలెంట్‌లోకి వస్తుంటే ఆ నీలం పసుపులోకి మారుతుంది. ద్రవంలోకి కూలెంట్ పోకుండా చూసుకోవాలి, లేకపోతే ఫలితం చెల్లదు.

టెస్ట్‌లో రంగు మారితే హెడ్ విప్పాలి. హెడ్ వంకర కొలవడం, పగుళ్లు చూడటం మెషిన్ షాపు పని. టీ3 వాటర్‌కూల్డ్ పెట్రోల్ ఇంజన్లలో అల్యూమినియం హెడ్ అంచులు కూలెంట్ తగిలే చోట తినేసుకుపోవడం బాగా తెలిసిన జబ్బు. గుంతలు పడిన అంచు మీద కొత్త గాస్కెట్ వేసినా నిలవదు.

8. కూలెంట్ ఎంపిక

రంగు చూసి కొనకండి. ఒక కంపెనీ ఆకుపచ్చ, ఇంకో కంపెనీ ఆకుపచ్చ వేర్వేరు రసాయనాలు కావచ్చు. బండి మాన్యువల్ ఏ స్పెసిఫికేషన్ చెప్పిందో డబ్బా మీద అదే ఉందో లేదో చూడండి. టీ3కి ఫాస్ఫేట్ లేని కూలెంట్ పోయాలి. రాగి, ఇత్తడి రేడియేటర్‌ను టంకం వేసి అతికిన పాత బండ్లకు సిలికేట్లున్న పాతరకం కూలెంట్ సురక్షితం, కొన్ని కొత్తరకం ఆర్గానిక్ యాసిడ్ కూలెంట్లు ఆ టంకానికి పడవు.

సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. కూలెంట్ ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. నీళ్లు కలపని కూలెంట్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, వేడిని కూడా నీళ్లంత బాగా మోయదు. కుళాయి నీళ్లలోని ఖనిజాలు లోపల పొలుసులు కడతాయి. దారిలో తప్పనిసరైతే పోయండి, ఇంటికి వచ్చాక మార్చేయండి.

ఒక చిన్న పరీక్ష: మల్టీమీటర్ నెగెటివ్‌ను బ్యాటరీ నెగెటివ్‌కు, పాజిటివ్ మొనను కూలెంట్‌లో ముంచండి, లోహానికి తగలనివ్వకండి. 0.3 వోల్టులు దాటితే కూలెంట్ పాతబడింది, లేదా ఎక్కడో ఎర్త్ సరిగా లేక కరెంటు కూలెంట్ గుండా పోతోంది. రెండూ అల్యూమినియాన్ని తినేస్తాయి.

9. ఖాళీ చేయడం, కడగడం

హీటర్ నాబ్‌లన్నీ ఫుల్ హాట్‌లో పెట్టండి, వెనక హీటర్ వాల్వు కూడా. పాత రేడియేటర్ కింది కుళాయిని బలంగా తిప్పితే విరుగుతుంది. కదలకపోతే దాన్ని వదిలేసి కింది పైపు విప్పండి. ఇంజన్ బ్లాక్‌కు డ్రెయిన్ బోల్టు ఉంటే అదీ తీయండి.

బయటకు వచ్చిన కూలెంట్‌ను లీటర్లలో కొలిచి రాసుకోండి. ఈ ఒక్క అంకె చివర్లో గాలి పూర్తిగా పోయిందో లేదో చెబుతుంది.

తుప్పు రంగు నీళ్లు వస్తుంటే థర్మోస్టాట్ తీసేసి, నీళ్లు మామూలుగా పోయే దిశకు ఎదురుగా, తక్కువ ఒత్తిడితో కడగండి. హీటర్లను విడిగా కడగాలి. కుళాయికి నేరుగా బిగించి ఫుల్‌గా తిప్పితే పాత హీటర్ కోర్ పగులుతుంది. క్లీనింగ్ కెమికల్ వాడితే డబ్బా మీద రాసినంతసేపే ఉంచి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. మడ్డి వల్లే నిలబడి ఉన్న పాత చిల్లు ఈ కడుగుడుతో బయటపడొచ్చు. ఇంటి దగ్గర బయటపడితేనే మేలు.

చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తో చేయండి, ఎందుకంటే అందులో కొంత లోపలే ఉండిపోతుంది. అలా మిగిలిన నీళ్లే చాలామంది లెక్క తప్పిస్తాయి. 16 లీటర్ల సిస్టంలో 12 లీటర్లే బయటకు వచ్చాయనుకోండి, 4 లీటర్ల వట్టి నీళ్లు లోపలున్నాయి. ఇప్పుడు సగంసగం కలిపిన మిశ్రమం పోస్తే మొత్తం పలచబడుతుంది. అందుకని ముందు 8 లీటర్ల నీళ్లు కలపని కూలెంట్ పోసి, మిగిలిన 4 లీటర్లు డిస్టిల్డ్ వాటర్ పోయండి.

10. పైపులు, థర్మోస్టాట్, పంపు మార్చేటప్పుడు

అతుక్కుపోయిన పైపును స్క్రూడ్రైవర్‌తో పొడిచి ఊడదీయకండి. లోపలి అల్యూమినియం మూతి గీరుకుపోతే కొత్త పైపు కూడా కారుతుంది. చేత్తో అటూ ఇటూ మెలిపెట్టండి. రాకపోతే బ్లేడుతో పొడవునా చీల్చి ఒలిచేయండి, ఎలాగూ పారేసే పైపే కదా.

లోహపు మూతిని సన్నని ఎమెరీ కాగితంతో శుభ్రం చేయండి. ఇనప పైపు చివర గుంతలు పడి ఉంటే క్లాంపు ఎంత బిగించినా ఆగదు, పైపు మార్చాలి. కొత్త పైపు ఎక్కడానికి కొంచెం కూలెంట్ రాయండి. గ్రీజు, ఆయిల్ వద్దు, అవి రబ్బరును పాడుచేస్తాయి. లోహపు మూతి చివర ఉబ్బెత్తు అంచు ఉంటుంది, క్లాంపు దాని వెనక కూర్చోవాలి, దాని మీద కాదు. ప్లాస్టిక్ మూతుల మీద బలం చూపిస్తే పగులుతాయి.

థర్మోస్టాట్‌ను పెట్టే ముందు నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీసి కాచండి. కొత్తదైనా సరే. రాసిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, ఇంకో 10, 15 డిగ్రీలకు పూర్తిగా తెరుచుకోవాలి. బిగించేటప్పుడు మైనం ఉన్న గుండు ఇంజన్ వైపు ఉండాలి. చిన్న పిన్ను ఉంటే అది పైకి రావాలి, గాలి పోయే దారి అదే.

థర్మోస్టాట్ తీసేసి నడపమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చాలా ఇంజన్లలో అది తెరుచుకున్నప్పుడు బైపాస్‌ను మూసేది కూడా అదే. తీసేస్తే వేడి నీళ్లు రేడియేటర్‌కు వెళ్లకుండా బైపాస్‌లోనే తిరుగుతుంటాయి.

పంపుకు గాస్కెట్ ఉంటే సీలెంట్ అవసరం దాదాపు ఉండదు. వాడాల్సి వస్తే పలచగా రాయండి. లోపలికి పిండుకుపోయిన సీలెంట్ ముక్కలు హీటర్ కోర్‌లో ఇరుక్కుంటాయి. పంపును టైమింగ్ బెల్టు తిప్పే ఇంజన్ అయితే బెల్టు, టెన్షనర్ కూడా అప్పుడే మార్చేయండి.

11. నింపడం, గాలి తీయడం

పని చెడేది ఎక్కువగా ఇక్కడే. తొందరపడకండి, దీనికి సగం రోజు కేటాయించండి.

ముందు బండి వంపు. గాలి పైకే పోతుంది కాబట్టి గాలి బయటకు వచ్చే చోటు అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. టీ3లో అది ముందున్న రేడియేటర్ పై మూల. ముందు పై గ్రిల్ తీస్తే బ్లీడ్ స్క్రూ కనిపిస్తుంది. అందుకే టీ3 ముందు భాగాన్ని ఎత్తి స్టాండ్ల మీద పెట్టాలి. ఇంజన్ ముందుభాగంలోనే ఉన్న బండికి సాధారణంగా రేడియేటర్ మూతి ఎత్తులో ఉంటే చాలు. మీరు గీసిన కాగితం ఇప్పుడు చేతిలో ఉండాలి.

వరుస ఇది:

- హీటర్లన్నీ ఫుల్ హాట్. బ్లీడ్ స్క్రూలు వదులు చేయండి.
- సన్న ధారగా పోయండి. మధ్యలో ఆగి పైపులను చేత్తో పిసుకుతూ ఉండండి, బుడగలు కదిలి పైకి వస్తాయి.
- తక్కువ ఎత్తులో ఉన్న బ్లీడ్ స్క్రూ నుంచి బుడగల్లేని ధార రాగానే దాన్ని బిగించండి. తర్వాత పైది.
- ఇంజన్ స్టార్ట్ చేయండి. ట్యాంకులో మట్టం పడిపోతుంది, ఆగకుండా నింపుతూ ఉండండి. ఒకరు ట్యాంకు దగ్గర, ఒకరు బ్లీడ్ స్క్రూ దగ్గర ఉంటే సులువు.
- టీ3లో ఇంజన్‌ను 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి, ముందు స్క్రూ నుంచి ఎడతెగని ధార వచ్చేదాకా ట్యాంకు నింపండి. తర్వాత స్క్రూ, మూత బిగించండి.
- ఫ్యాన్ కనీసం రెండుసార్లు ఆన్ అయి ఆగేదాకా నడపండి. హీటర్లన్నిటి నుంచీ వేడిగాలి రావాలి, వెనకదానితో సహా.
- ఇంజన్ ఆపి పూర్తిగా చల్లబడనివ్వండి. మట్టం సరిచేయండి.

ఇప్పుడు లెక్క చూడండి. ఎన్ని లీటర్లు బయటకు వచ్చాయి, ఎన్ని లోపలికి పోయాయి? 12 వచ్చి 9 మాత్రమే పట్టాయంటే 3 లీటర్ల గాలి ఇంకా లోపలే ఉంది. గేజ్ బాగుందనో, హీటర్ వేడిగా ఉందనో సర్దుకుపోకండి. మళ్లీ మొదటి నుంచి చేయండి.

మూడుసార్లు చేసినా లెక్క కుదరకపోతే వాక్యూమ్ ఫిల్లర్ వాడే వర్క్‌షాపుకు వెళ్లండి. అది ముందు లోపలి గాలిని పీల్చేసి, ఆ ఖాళీలోకి కూలెంట్‌ను లాగుతుంది. పొడవైన పైపులున్న క్యాంపర్లకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా అభిప్రాయం. పీల్చేటప్పుడు పైపులు నొక్కుకుపోతాయి, భయపడకండి. వాక్యూమ్ నిలవకపోతే ఎక్కడో లీకుందని కూడా అక్కడే తెలుస్తుంది.

12. పని అయ్యాక

మొదటి వారం ప్రతి పొద్దునా, చల్లని ఇంజన్‌లో మట్టం చూడండి. మొదటి రెండు రోజులు కొంచెం దిగడం మామూలే, మిగిలిన గాలి బయటకు వస్తుంది. మూడో రోజు తర్వాత కూడా దిగుతుంటే లీకుంది, ప్రెషర్ టెస్ట్ మళ్లీ చేయాలి. మొదటి దూర ప్రయాణం తర్వాత స్క్రూతో బిగించే క్లాంపులను చల్లని ఇంజన్ మీద మళ్లీ ఒకసారి బిగించండి.

ఆ తర్వాత:
- ప్రతి దూర ప్రయాణానికి ముందు: మట్టం, బెల్టు, పైపుల చివర్లు
- ఆరు నెలలకోసారి: రేడియేటర్ రెక్కలను లోపలివైపు నుంచి బయటకు మామూలు నీళ్లతో కడగడం. ప్రెషర్ వాషర్ రెక్కలను వంచేస్తుంది.
- ఏడాదికోసారి: మూత, ఫ్యాన్, ఎర్త్ పాయింట్లు, కూలెంట్ వోల్టేజ్
- పాతరకం కూలెంట్ రెండేళ్లకు, ఆర్గానిక్ యాసిడ్ రకం డబ్బా మీద రాసిన గడువుకు, సాధారణంగా ఐదేళ్లకు మార్చడం

13. దారిలో ముల్లు ఎరుపులోకి పోతే

ఏసీ ఆపేయండి, హీటర్ ఫుల్ హాట్‌లో పెట్టి బ్లోయర్ పెంచండి, యాక్సిలరేటర్ తగ్గించి పక్కకు తీయండి. హీటర్ నుంచి వేడిగాలి వస్తుంటే కూలెంట్ ఇంకా తిరుగుతోంది. ఒకటి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి ఆపండి. చల్లగాలి వస్తుంటే కూలెంట్ పోయింది, ఆ క్షణమే ఇంజన్ ఆపండి. ఆవిరి కక్కుతుంటే కూడా అంతే.

కనీసం 45 నిమిషాలు ఆగండి. కాలిపోతున్న ఇంజన్‌లో చల్లని నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

బండిలో ఉంచుకోవాల్సినవి:
- 5 లీటర్ల నీళ్లు, 2 లీటర్ల కూలెంట్
- సాగదీసి చుట్టే సిలికాన్ టేపు
- రెండు సైజుల క్లాంపులు, స్క్రూడ్రైవర్
- హీటర్ పైపుల సైజుకు సరిపోయే లోహపు గొట్టం ముక్క
- బెల్టు, ఫ్యాన్ ఫ్యూజు, రిలే

పైపు చీలితే చోటు పూర్తిగా ఆరబెట్టి, టేపును బాగా సాగదీస్తూ సగం మీద సగం పడేలా చుట్టండి. హీటర్ కోర్ కారుతుంటే దానికి వెళ్లే పైపునూ, వచ్చే పైపునూ ఊడదీసి గొట్టం ముక్కతో రెంటినీ కలిపేయండి. హీటర్ పనిచేయదు, బండి మాత్రం ఇల్లు చేరుతుంది. లీకు మూసే పొడి, ద్రవం చివరి దారిగా మాత్రమే వాడండి, అవి హీటర్‌లోని సన్న దారులనూ మూసేస్తాయి.

టేపు చుట్టి నీళ్లు పోశాక మొదటి 2 కిలోమీటర్లకు ఒకసారి ఆగి, మూత తీయకుండా ట్యాంకు మట్టం బయటి నుంచే చూడండి. తర్వాత 10 కిలోమీటర్లకు ఇంకోసారి. మట్టం నిలబడితే నెమ్మదిగా ఇంటికి తీసుకెళ్లొచ్చు. ఈలోగా ముల్లు రెండోసారి ఎరుపులోకి పోతే ఇంక నడపకండి, లారీ మీద ఎక్కించండి.